ఈమాక్స్‌లో ఆర్ కూలిపోతుంటే: ముందు పోయిందెవరో తేల్చుకోండి

ఈమాక్స్ అనే ఎడిటర్ లోపల, గణాంకాల భాష అయిన ఆర్ నడుపుకునేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ కష్టం వస్తుంది. కోడ్ పంపుతాం, కింది కిటికీలో ఏమీ కదలదు. లేదా ఆర్ ఉన్నపళంగా మాయమై 'ప్రాసెస్ ఆర్' అని మొదలయ్యే ఒక్క వాక్యం మిగులుతుంది. ఇలా జరగ్గానే చాలామంది చేసే పని ఆర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. దయచేసి దాని జోలికి వెళ్లకండి. అందులో సగం రోజు పోతుంది, పాత ప్యాకేజీలు పోతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎందుకు కూలిందో చెప్పే ఆనవాళ్లు పోతాయి. మళ్లీ అదే కోడ్ నడిపితే మళ్లీ అక్కడే కూలుతుంది.

నా పని మండలాలవారీ వర్షపాతం లెక్కలు. ఆఫీసులో ఉబుంటు, ఇంట్లో మ్యాక్. రెండింటిలోనూ ఈమాక్స్, దానిలో ఈఎస్ఎస్ అనే ప్యాకేజీ, దాని ద్వారా ఆర్. వ్యవసాయ గణాంకాలు చదివే పిల్లలు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి "మేడమ్, ఈమాక్స్ క్రాష్ అయింది" అంటారు. నేను మొదట అడిగేది ఒక్కటే: "ఈమాక్స్ పోయిందా, ఆర్ పోయిందా, రెండూ బతికే ఉండి మాట్లాడుకోవడం మానేశాయా?" దీనికి జవాబు దొరికితే పని చాలావరకు అయినట్టే. కింద రాసినదంతా ఆ జవాబు పట్టుకోవడం కోసమే.

కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి.

లోపల జరిగేది

ఈఎస్ఎస్ అంటే 'ఈమాక్స్ స్పీక్స్ స్టాటిస్టిక్స్'. దీని మూలం ఎస్ భాష కోసం 1989లో డగ్ బేట్స్, ఎడ్ కేడ్‌మన్, ఫ్రాంక్ రిట్టర్ మొదలుపెట్టిన ఎస్-మోడ్. ఆర్ తొలి స్థిర వెర్షన్ 1.0.0 వచ్చింది 2000 ఫిబ్రవరి 29న. అంటే ఈ పద్ధతి ఆర్ కన్నా పాతది. ఆర్‌ను ఈమాక్స్ తనలో కలుపుకోదు. దాన్ని వేరే ప్రాసెస్‌గా లేపి, నకిలీ టెర్మినల్ ఒకటి కట్టి, మనిషి కూర్చుని టైపు చేస్తున్నట్టే ఒక్కో వరుస పంపుతుంది. జవాబుగా వచ్చిన అక్షరాల్లో ప్రాంప్ట్ గుర్తు (తర్వాతి వరుస కొట్టమని ఆర్ చూపే గుర్తు) ఎక్కడుందా అని వెతుకుతుంది. అది కనిపిస్తేనే 'ఆర్ ఖాళీగా ఉంది' అనుకుంటుంది. ఫోన్ మాట్లాడుతుంటే మాట ఆగిపోయినప్పుడు అవతలి మనిషి పెట్టేశాడా, లైన్ తెగిందా, మన ఫోనే చెడిందా అని చూసుకుంటాం కదా. ఇక్కడా ఆ ముగ్గురే: ఆర్, మధ్యలోని గొట్టం, ఈమాక్స్.

చివరి వాక్యం చదవండి

ఆర్ పోయినప్పుడు దాని బఫర్ (ఈమాక్స్‌లో ఆర్ నడిచే పేజీ) అడుగున ఈమాక్స్ ఒక వాక్యం రాస్తుంది. ఎవరూ దాన్ని చదవరు. నాకు మాత్రం అన్నిటికన్నా విలువైన ఆధారం అదే.

'ఫినిష్డ్' అని ఉంటే ఆర్ తనంతట తాను మర్యాదగా ముగించుకుంది. మీ స్క్రిప్టులో ఎక్కడో క్విట్ పిలుపు ఉండి ఉండాలి. కమాండ్ లైన్ నుంచి నడపడానికి రాసిన స్క్రిప్టుల చివర అది ఉంటుంది, మొత్తం ఫైలు ఎంచుకుని పంపితే అదీ నడుస్తుంది. 'ఎగ్జిటెడ్ అబ్‌నార్మల్లీ' అని ఒక కోడ్ సంఖ్య ఉంటే, ముఖ్యంగా మొదలుపెట్టగానే అలా వస్తే, ఆర్ లేవడానికే ఇబ్బంది పడింది. ఆ వాక్యానికి పైన ఉన్న రెండు మూడు వరుసల్లో కారణం రాసి ఉంటుంది.

'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అయితే ఆర్ లోపల సీ, సీ ప్లస్ ప్లస్, ఫోర్‌ట్రాన్‌లో రాసిన భాగం ఏదో తనది కాని మెమరీని ముట్టుకుంది. చాలాసార్లు ఆర్ వెంటనే చావదు. 'కాట్ సెగ్‌ఫాల్ట్' అని చెప్పి, కింద ట్రేస్‌బ్యాక్ ఇచ్చి, నాలుగు దారులు చూపించి ఒక సంఖ్య అడుగుతుంది. అక్కడ 4 నొక్కకండి. 4 అంటే వర్క్‌స్పేస్ (అప్పటిదాకా తయారైన ఆబ్జెక్టులన్నీ) దాచి బయటికి రమ్మని. మెమరీ చెడిన క్షణంలో దాచిన వర్క్‌స్పేస్‌ను నమ్మలేం, పైగా పాత మంచి ఫైలును అదే చెరిపేస్తుంది. ట్రేస్‌బ్యాక్ కాపీ చేసుకుని 3 నొక్కండి. ట్రేస్‌బ్యాక్‌లో మొదటి వరుసలో ఉన్న ఫంక్షన్ ఏ ప్యాకేజీదో చూడండి. అనుమానించాల్సింది దాన్ని, ఈమాక్స్‌ను కాదు.

'కిల్డ్' అని ఒక్క మాటే ఉంటే బయటివాళ్లు ఎవరో చంపారు. లైనక్స్‌లో అది దాదాపు ఎప్పుడూ మెమరీ చాలక కెర్నల్ చేసిన పనే. టెర్మినల్‌లో సూడోతో డీమెసేజ్ (డీ-ఎం-ఈ-ఎస్-జీ) కొట్టి చివరి వరుసలు చూస్తే 'అవుట్ ఆఫ్ మెమరీ' అని, పక్కనే ఆర్ పేరు కనిపిస్తాయి. ఉబుంటు 22.04 నుంచి సిస్టమ్‌డీ-ఊమ్‌డీ అనే మరో కాపలాదారు కూడా ఉన్నాడు. అతను ఒక్క ప్రాసెస్‌ను కాదు, ఒక గుంపుగా లేచిన ప్రాసెస్‌లన్నింటినీ కలిపి చంపుతాడు. ఈమాక్స్ లేపిన ఆర్ ఈమాక్స్ గుంపులోదే కాబట్టి రెండూ ఒకేసారి మాయమవుతాయి. "మేడమ్, కిటికీయే పోయింది" అని ఎవరైనా అంటే నేను ముందు సిస్టమ్ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్‌లో ఊమ్‌డీ పేరు వెతుకుతాను.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకుంటే మేలు. ఆర్‌లో దశాంశ సంఖ్య ఒక్కోదానికి 8 బైట్లు. కోటి సంఖ్యల నిలువు వరుస 8 కోట్ల బైట్లు, అంటే ఆర్ లెక్కలో 76.3 ఎంబీ. అలాంటివి 20 ఉన్న పట్టిక ఒకటిన్నర జీబీ. దాన్ని ఇంకో పట్టికతో కలిపితే మధ్యలో నకళ్లు పుడతాయి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ కూడా తెరిచి ఉంటే ఇక చోటు మిగలదు. 'కెనాట్ అలొకేట్ వెక్టర్' అని ఆర్ ఎర్రర్ చూపిస్తే మాత్రం సంతోషించండి, అది క్రాష్ కాదు. ఆర్ బతికే ఉంది, మీ ఆబ్జెక్టులన్నీ భద్రంగా ఉన్నాయి.

చావలేదు, కదలడం లేదు

హ్యాంగ్ అయితే ముందు ఈమాక్స్ సంగతి చూడండి. కర్సర్ వేరే బఫర్‌కు వెళ్తోందా? వెళ్తే ఈమాక్స్ బాగుంది, ఆర్ పనిలో ఉంది. ఆర్ బఫర్‌లోకి వెళ్లి కంట్రోల్-సీ రెండుసార్లు కొట్టండి, నడుస్తున్న పని ఆగుతుంది. కర్సర్ కూడా కదలకపోతే కంట్రోల్-జీ. ఆర్‌కు పెద్ద లూప్ పంపినప్పుడు ప్రతిసారీ ఈమాక్స్ బిగుసుకుపోతుంటే 'ఈఎస్ఎస్-ఎవాల్-విజిబ్లీ' అనే సెట్టింగును 'నోవెయిట్'కు మార్చండి. పంపిన ప్రతి వరుసకూ జవాబు వచ్చేదాకా ఈమాక్స్ కాచుక్కూర్చోవడం మానేస్తుంది.

ఎక్కడ ఇరుక్కుందో తెలియాలంటే ముందుగానే ఎం-ఎక్స్ (సాధారణంగా ఆల్ట్ పట్టుకుని ఎక్స్) కొట్టి 'టాగుల్-డీబగ్-ఆన్-క్విట్' పెట్టుకోండి. ఈసారి హ్యాంగ్ అయినప్పుడు కంట్రోల్-జీ కొడితే, ఆ క్షణంలో ఏ ఫంక్షన్ నడుస్తోందో పూర్తి జాబితా తెరుచుకుంటుంది. కంట్రోల్-జీకి కూడా పలకకపోతే వేరే టెర్మినల్ నుంచి ఈమాక్స్‌కు యూఎస్ఆర్2 సిగ్నల్ పంపినా అదే జాబితా వస్తుంది. ఆ జాబితాలో ఎల్‌డాక్ (ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లు చూపే సాయం) పేరో, కంప్లీషన్ (సగం కొట్టిన పేరు పూర్తిచేసే సాయం) పేరో కనిపిస్తే, మీరు టైపు చేస్తుండగా ఈమాక్స్ వెనకనుంచి ఆర్‌ను ఏదో అడిగి జవాబు కోసం ఎదురుచూస్తోందన్నమాట. 'ఈఎస్ఎస్-యూజ్-ఎల్‌డాక్' ఆపేసి చూడండి.

ఇప్పుడు చెప్పే చిట్కా మాత్రం ప్రతి ఒక్కరికీ తెలియాలని నా కోరిక. ఆరు గంటలు నడిచిన మోడల్ ఆర్ కడుపులో ఉంది, ఈమాక్స్ బిగుసుకుపోయింది. ఈమాక్స్‌ను చంపితే ఆర్ కూడా పోతుంది. లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఆర్ ప్రాసెస్‌కు యూఎస్ఆర్1 సిగ్నల్ పంపితే అది వర్క్‌స్పేస్‌ను డాట్ ఆర్‌డేటా ఫైల్లో దాచి ముగిస్తుంది. టెర్మినల్‌లో పీగ్రెప్ హైఫన్ ఎక్స్ పెద్ద ఆర్ అని కొడితే ప్రాసెస్ నంబరు వస్తుంది, దానికి కిల్ హైఫన్ యూఎస్ఆర్1. అదే ఫోల్డర్లో పాత ఆర్‌డేటా ఉంటే ముందు దానికి నకలు తీసి పెట్టుకోండి, లేకపోతే దానిమీదే రాసేస్తుంది. ఇలా చేసి పీహెచ్‌డీ పిల్లల వారం రోజుల పని దక్కించిన సందర్భాలు ఉన్నాయి. సెగ్‌ఫాల్ట్ వచ్చిన ఆర్‌కు ఇది పనికిరాదు, ఆరోగ్యంగా ఉండి చేతికి చిక్కని ఆర్‌కే.

మూడు చోట్ల నడిపి చూడటం

"టెర్మినల్‌లో బాగానే నడుస్తోంది, ఈమాక్స్‌లోనే పోతోంది" అంటారు. చాలాసార్లు ఆ రెండూ ఒకే ఆర్ కావు, లేదా ఒకే ఫోల్డర్లో లేవు. టెర్మినల్ తెరిస్తే మీరు హోమ్ ఫోల్డర్లో ఉంటారు. ఎం-ఎక్స్ ఆర్ కొడితే ఈఎస్ఎస్ ఏ ఫోల్డర్లో మొదలుపెట్టమంటావని అడుగుతుంది, అలవాటుగా ఎంటర్ కొడతారు. అది ప్రాజెక్టు ఫోల్డర్. అక్కడ డాట్ ఆర్‌ప్రొఫైల్ (ఆర్ లేచేటప్పుడు చదివే సెట్టింగుల ఫైలు) వేరు, డాట్ ఆర్‌డేటా వేరు. చుక్కతో మొదలయ్యే ఫైళ్లు కనుక కళ్లకు కనిపించవు. ఎప్పుడో 'వర్క్‌స్పేస్ సేవ్ చేయనా' అంటే అవునన్నందుకు పుట్టిన రెండు జీబీల ఆర్‌డేటా ప్రతిసారీ నిశ్శబ్దంగా లోడ్ అవుతూ ఉంటుంది. అందుకని టెర్మినల్‌లో ముందు సీడీ కొట్టి అదే ఫోల్డర్‌కు వెళ్లి, అప్పుడు ఆర్ తెరిచి పోల్చండి.

దాని తర్వాత మధ్య మెట్టు. ఈమాక్స్‌లోనే ఎం-ఎక్స్ షెల్ తెరిచి, అక్కడ ఆర్ అని కొట్టండి. ఇది ఈమాక్స్ లోపలే, కానీ ఈఎస్ఎస్ ప్రమేయం లేదు. మూడో మెట్టు మామూలు ఎం-ఎక్స్ ఆర్. మూడు చోట్లా అదే కోడ్. మూడింటా కూలితే తప్పు ఆర్‌దో ప్యాకేజీదో. టెర్మినల్‌లో బాగుండి షెల్‌లో కూలితే పర్యావరణానిదో గొట్టానిదో: పాత్ (ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా), భాష సెట్టింగులు, వరుస పొడవు. మూడో మెట్టులో మాత్రమే కూలితే ఈఎస్ఎస్‌దో మీ ఈమాక్స్ సెట్టింగులదో. ఈ పరీక్షకు పది నిమిషాలు పట్టదు, అయినా దీన్ని దాటేసి వెళ్లేవాళ్లే ఎక్కువ.

రెండు ఆర్‌లు ఒకటేనా అన్నది అడిగి తెలుసుకోవచ్చు. రెండు చోట్లా ఆర్ డాట్ హోమ్, డాట్ లిబ్‌పాత్స్, సెషన్‌ఇన్ఫో పిలిచి జవాబులు పక్కపక్కన పెట్టుకోండి. మ్యాక్‌లో డాక్ నుంచి తెరిచిన ఈమాక్స్‌కు మీ టెర్మినల్ పాత్ తెలియదు. హోమ్‌బ్రూ ఆర్ ఒకటి, క్రాన్ నుంచి దించిన ఆర్ ఒకటి ఉన్న యంత్రంలో టెర్మినల్ ఒకదాన్ని, ఈమాక్స్ ఇంకొకదాన్ని పట్టుకుంటాయి. ఒకదాని కోసం కంపైల్ చేసిన ప్యాకేజీని మరొకటి లోడ్ చేస్తే కూలడం వింతేమీ కాదు. 'ఎగ్జెక్-పాత్-ఫ్రమ్-షెల్' అనే ఈమాక్స్ ప్యాకేజీ షెల్ పాత్‌ను ఈమాక్స్‌కు తెస్తుంది.

డాట్ ఆర్‌ప్రొఫైల్ మీద అనుమానం ఉంటే కంట్రోల్-యూ కొట్టి ఆపైన ఎం-ఎక్స్ ఆర్ కొట్టండి. ఆర్‌కు ఇవ్వాల్సిన ఆర్గ్యుమెంట్లు అడుగుతుంది. హైఫన్ హైఫన్ వెనిల్లా ఇవ్వండి. ప్రొఫైల్, ఆర్‌డేటా ఏవీ చదవకుండా శుభ్రంగా లేస్తుంది. అప్పుడు బాగుంటే ఆ రెండు ఫైళ్లలో ఒకటి దోషి. రంగులు వేసిన ప్రాంప్ట్, గడియారం చూపే ప్రాంప్ట్ పెట్టుకునే సరదా ఉన్నవాళ్లు ముందు అది తీసేయండి. ఈఎస్ఎస్ ప్రాంప్ట్ కోసమే వెతుకుతుందని పైన చెప్పాను కదా, గుర్తుపట్టలేకపోతే కూర్చుని ఎదురుచూస్తూనే ఉంటుంది. మొదలయ్యే దశలోనే ఆగిపోతే నక్షత్రాల మధ్య ఈఎస్ఎస్ అని పేరున్న బఫర్ తెరవండి. ఎంతవరకు వచ్చి ఆగిందో అందులో రాసి ఉంటుంది.

తెలుగు డేటా ఉంటే

ఇది మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది, ఇంగ్లిష్ గైడ్లలో దొరకదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింటుకు (యూనికోడ్‌లో విడిగా లెక్కపెట్టే ఒక్కో గుర్తుకు) 3 బైట్లు. 'చేవెళ్ల' చూడటానికి మూడక్షరాలు. లోపల మాత్రం గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కపెడితే 7 కోడ్‌పాయింట్లు, అంటే 21 బైట్లు. కొటేషన్లు, కామా, ఖాళీ కలిపితే 25. ఆర్ కన్సోల్ ఒక వరుసలో తీసుకునేది సుమారు 4095 బైట్లు. మండలాల పేర్లన్నీ ఒకే వరుసలో వెక్టర్‌గా రాస్తే 160 పేర్ల దగ్గర ఆ హద్దు దాటుతుంది. మ్యాక్‌లో నకిలీ టెర్మినల్ హద్దు ఇంకా చిన్నది, 1024 బైట్లు, అంటే 40 పేర్లు. ఇంగ్లిష్ పేర్లతో అదే వరుస ఇబ్బంది లేకుండా వెళ్లిపోతుంది, తెలుగు పేర్లతో తెగిపోతుంది. మిగిలిన ముక్క పారేయబడవచ్చు, లేదా తర్వాతి వరుసగా మారి కొటేషన్ మూసుకోక, ఆర్ ప్లస్ గుర్తు చూపిస్తూ అలాగే నిలబడవచ్చు. చూసేవాళ్లకు అది హ్యాంగ్.

మందు సులువే. పేర్లను సీఎస్‌వీ ఫైల్లో పెట్టి, ఫైల్‌ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పి చదివించండి. కోడ్‌లోనే ఉండాలంటే వరుసకు అయిదారు పేర్ల చొప్పున విరిచి రాయండి.

రెండోది లొకేల్, అంటే భాష, ఎన్‌కోడింగ్ సెట్టింగు. మ్యాక్‌లో డాక్ నుంచి తెరిచిన ఈమాక్స్‌కు లాంగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ సరిగా అందకపోవచ్చు. అలాంటప్పుడు ఆర్ లేస్తూ 'సెట్టింగ్ ఎల్‌సీ సీటైప్ ఫెయిల్డ్' అని హెచ్చరించి సీ లొకేల్‌లోకి జారుతుంది. ఆ హెచ్చరికను పట్టించుకోకపోతే, తర్వాత తెలుగంతా కోణపు బ్రాకెట్లలో యూ ప్లస్ అంకెలుగా కనిపిస్తుంది. సరిపోల్చి కలపాల్సిన పట్టికలు కలవవు. ఈఎస్ఎస్ లోడ్ కాకముందే, ఇనిట్ ఫైలు (మీ ఈమాక్స్ సెట్టింగుల ఫైలు) పైభాగంలో, సెట్‌ఎన్వ్‌తో లాంగ్‌కు యూటీఎఫ్-8 లొకేల్ ఇచ్చేయండి. విండోస్‌లో ఉన్నవాళ్లు ఆర్ 4.2.0 కన్నా పాతది వాడుతుంటే మరో మాట లేకుండా మార్చండి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆ వెర్షన్ నుంచే, కొత్త విండోస్ 10 మీద, ఆర్ యూటీఎఫ్-8ను సొంత ఎన్‌కోడింగ్‌గా వాడుతోంది. అంతకుముందు విండోస్‌లో తెలుగు డేటాతో పని చేయడమంటే రోజూ యుద్ధమే.

తెలుగు పట్టికలు తెరమీద మెల్లగా జరుగుతున్నా, ఒత్తులు విడిపోయి కనిపిస్తున్నా ఈమాక్స్ వెర్షన్ చూడండి. 2020లో వచ్చిన 27 నుంచి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీతో అక్షరాలు కూర్చుతోంది, తేడా కంటికి తెలుస్తుంది.

మిగిలినవి

ఆర్ వెర్షన్ పెంచాక కూలడం మొదలైతే ప్యాకేజీలను కొత్త ఆర్ కింద మళ్లీ కట్టాలి. 2020 ఏప్రిల్‌లో 4.0.0 వచ్చినప్పుడు అన్ని ప్యాకేజీలనూ తిరిగి ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చింది. అప్‌డేట్ డాట్ ప్యాకేజెస్‌కు చెక్‌బిల్ట్ ట్రూ అని ఇస్తే పాత ఆర్ కింద కట్టినవాటిని కూడా తీసుకుంటుంది. పని పంచే ఎంసీఎల్‌యాప్లై వాడినప్పుడే కూలుతుంటే, మాత్రికల లెక్కలు చేసే ఓపెన్‌బ్లాస్ లైబ్రరీ థ్రెడ్లను 1కి తగ్గించి చూడండి.

తప్పు ఈమాక్స్ వైపే అని మూడో మెట్టులో తేలితే, ఈమాక్స్ హైఫన్ పెద్ద క్యూ అని తెరిచి ఈఎస్ఎస్ ఒక్కటే లోడ్ చేయండి. అక్కడ బాగుంటే మీ ఇనిట్ ఫైల్లో సగం కామెంట్ చేసి చూడండి, తర్వాత దానిలో సగం. ఈమాక్స్ కొత్త వెర్షన్‌కు మారినవాళ్లు పాత ఈఎల్‌సీ ఫైళ్లు (కంపైల్ చేసిన ఈమాక్స్ కోడ్) తీసేసి ప్యాకేజీలు మళ్లీ కంపైల్ చేయండి. 29 నుంచి 'ప్యాకేజ్-రీకంపైల్-ఆల్' ఆ పని చేసిపెడుతుంది. చిన్న యంత్రాల్లో ఫ్లైమేక్ కూడా ఆపండి. కోడ్ తప్పులు వెతకడానికి అది వెనక ఇంకో ఆర్‌ను లేపుతుంది.

ఇన్ని చేసినా తేలకపోతే అడగండి, అడగడంలో తప్పు లేదు. అయితే "ఈమాక్స్ క్రాష్ అవుతోంది" అని మాత్రం రాయకండి. ఆ చివరి వాక్యం ఉన్నదున్నట్టుగా, మూడు మెట్లలో ఎక్కడ కూలిందో, ఈమాక్స్ వెర్షన్, ఈఎస్ఎస్ వెర్షన్, సెషన్‌ఇన్ఫో జవాబు, వెనిల్లాతో ఏమైందో రాయండి. కూలే కోడ్‌ను అయిదారు వరుసలకు కుదించి జతచేయండి. మీ డేటా కాకుండా ఆర్‌తోపాటే వచ్చే డేటాతో కూల్చగలిగితే ఇంకా మంచిది. సెగ్‌ఫాల్ట్ అయితే టెర్మినల్‌లో ఆర్ హైఫన్ డీ జీడీబీ అని తెరిచి, రన్ కొట్టి, కూలాక బీటీ కొడితే వచ్చే జాబితా కూడా పెట్టండి. ప్యాకేజీ రాసినవాళ్లకు కావలసింది అదే. ఇవన్నీ ఉన్న ఉత్తరాన్ని వాళ్లు పక్కన పడేయరు.